ఎద్దు బలం, బండి బరువు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే ఒక మిత్రుడు ఫోను చేశాడు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ప్లేనోలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. “అన్నా, ఫిఫ్త్‌వీల్ తీసుకున్నాను. 38 అడుగులది, నాలుగు స్లైడ్లు ఉన్నాయి, లోపల ఫైర్‌ప్లేస్ కూడా ఉంది. వెయ్యి డాలర్లు బయానా ఇచ్చేశాను. నా ట్రక్కు 13,000 పౌండ్లు లాగుతుందని అమ్మేవాళ్లే చెప్పారు. ఇక హిచ్ ఒక్కటి కొంటే సరిపోతుంది. ఏది కొనమంటావు?” అన్నాడు. ఫిఫ్త్‌వీల్ అంటే పికప్ ట్రక్కుకు తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. స్లైడ్లంటే బండి ఆగాక బయటికి జరిపి గదిని వెడల్పు చేసుకునే భాగాలు, హిచ్ అంటే ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే పట్టు. వేసవిలో అత్తామామలను ఎల్లోస్టోన్ తీసుకెళ్లాలని అతని ఆశ. ఆ గొంతులోని సంతోషం విన్నాక చెప్పవలసిన మాట చెప్పడానికి నోరు రాలేదు.

“ట్రక్కు దగ్గరికి వెళ్లి డ్రైవరు తలుపు తెరువు. తలుపు మూసుకునే చోట పసుపు, తెలుపు రంగుల్లో ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని దాని మీద ఒక అంకె ఉంటుంది. చదువు” అన్నాను. చదివాడు. 1,640 పౌండ్లు. “కొన్న ట్రైలర్ నిండు బరువు ఎంతని రాశారు?” అని అడిగాను. 15,500 అన్నాడు.

తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ గంటలో చెప్పినవీ, చెప్పలేకపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో ఫిఫ్త్‌వీల్ కొనే మనవాళ్లు చాలామంది ముందు ఇల్లు చూసి మనసు పారేసుకుని, మిగిలిన డబ్బులో దాన్ని లాగే ట్రక్కు వెతుకుతారు, లేదా వాకిట్లో ఉన్న ట్రక్కుతోనే సర్దుకుంటారు. ఇది తలకిందుల పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ట్రైలర్‌ను ముందు కాగితం మీద ఎంచుకోవాలి. డబ్బు ముందుగా ట్రక్కుకు ఖర్చు పెట్టాలి. అది నిశ్చింతగా మోయగలిగినంత ట్రైలర్‌నే చివరికి కొనాలి. ఇంటి అందం కోసం ట్రక్కులో కోత పెట్టుకుంటే ఆ తేడాను కొండ దిగేటప్పుడు మన పిల్లలతో, పెద్దవాళ్లతో పాటు మోస్తాం.

ఫిఫ్త్‌వీల్ పేరు కొత్తగా వింటున్నవారికి రెండు మాటలు. విశాఖ ఓడరేవు నుంచి కంటైనర్లు తీసుకొచ్చే పొడవాటి లారీలను చూసే ఉంటారు. ముందు బండి వేరు, వెనక తొట్టి వేరు. వెనక భాగానికి కిందివైపు కింగ్‌పిన్ అనే లావుపాటి ఇనుప మేకు ఉంటుంది. అది ముందు బండి వెనక ఇరుసు మీద బిగించిన పళ్లెం లాంటి పట్టులో కూర్చుంటుంది, రెండు దవడలు దాన్ని పట్టుకుంటాయి. గుర్రపు బగ్గీల కాలంలో ముందు చక్రాలు పక్కకు తిరగడానికి వీలుగా ఒక చక్రాన్ని అడ్డంగా పడుకోబెట్టేవారు. ఆ ఐదో చక్రం పేరే దీనికి నిలిచింది. విమానాలు తయారుచేసిన గ్లెన్ కర్టిస్ 1920ల చివర్లో ఏరోకార్ అనే నివాసపు బండిని కారుకు ఈ పద్ధతిలోనే తగిలించాడు. ఇప్పుడు మనం పికప్ ట్రక్కు తొట్టిలో ఆ పట్టు బిగించుకుని ఇంటిని లాక్కెళతాం.

ఈ పద్ధతిలో మేలెక్కడుందో నాకు మా తాతగారి ఎడ్లబండి గుర్తొచ్చాకే పూర్తిగా బోధపడింది. తణుకు దగ్గర మా ఊళ్లో కోతల రోజుల్లో ధాన్యం బస్తాలు బండికి ఎత్తుతుంటే తాతగారు బస్తాల వైపు చూసేవారు కాదు. ఎడ్లను ఇంకా కట్టని బండి ముందు నిలబడి, ఒక చెయ్యి కాడి మీద వేసి ఉంచేవారు. ఒక్కో బస్తా పడే కొద్దీ ఆ చేతికి తెలిసేది. కాడి తేలిపోతుంటే “ముందుకు వెయ్యండిరా” అనేవారు. చెయ్యి కిందికి కుంగుతుంటే వెనక్కి జరపమనేవారు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి మెడ కింది తాడు ఎద్దు గొంతు నొక్కుతుంది. ముందు ఎక్కువైతే కాడి మెడను కుంగదీస్తుంది. కాస్తంత బరువు మాత్రం ముందు ఉండి తీరాలి. లేకపోతే బండి ఎద్దు మాట వినదు.

ట్రైలర్ల సంగతీ ఇదే. కారు వెనక బంతి మీద తగిలించే మామూలు ట్రైలర్‌లో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. ఫిఫ్త్‌వీల్‌లో అది 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. మామూలు ట్రైలర్ ట్రక్కు వెనక ఇరుసుకు నాలుగైదు అడుగుల వెనక పట్టుకుని తోకలా ఊగుతుంది. అమరిల్లో వైపు మైదానాల్లో పక్కగాలి కొట్టినా, పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్లినా ఆ ఊపు స్టీరింగ్ దాకా వస్తుంది. ఫిఫ్త్‌వీల్ బరువు ఇరుసు నెత్తినే పడుతుంది కాబట్టి ఆ ఊపు దాదాపు ఉండదు. పెద్దవాళ్లను ఎక్కించుకుని వెయ్యి మైళ్లు పోయేవారికి నేను ఫిఫ్త్‌వీలే మంచిదంటాను. అయితే ఆ నిలకడకు మూల్యం ట్రక్కు చెల్లించాలి. బరువును ట్రక్కు లాగడంతో సరిపెట్టుకోలేదు, వీపున మోయాలి కూడా.

ఇక్కడే అందరూ పొరబడతారు. అమ్మేవాళ్లు చెప్పేది లాగే శక్తి. ట్రక్కును ముందుగా ఓడించేది మోసే శక్తి, అంటే ఆ పసుపు చీటీ మీది అంకె. లాగే శక్తిని కొలవడానికి అమెరికాలో ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. అందులో ట్రక్కులో ఇద్దరే కూర్చుంటారు, ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున. మామూలు ట్రైలరైతే పదో వంతు బరువే హిచ్ మీద పడుతుందని లెక్క కడతారు. మన ఇంట్లో ఐదుగురం ఎక్కుతాం. తొట్టిలో హిచ్ ఉంటుంది, పనిముట్ల పెట్టె ఉంటుంది, దారిలో తినడానికి జంతికల డబ్బాలు ఉంటాయి. పైగా పదో వంతు పడే చోట అయిదో వంతుకు మించి పడుతుంది. అమ్మేవాళ్లు చెప్పిన 13,000 మన ట్రక్కుది కాదు. తలుపు పక్కన అంటించిన అంకె మాత్రం అచ్చంగా ఆ ఒక్క ట్రక్కుదే.

మేము కొనేటప్పుడు వేసుకున్న లెక్క చెబుతాను, ఎవరికి వారు తమ అంకెలు వేసుకోవచ్చు. నేను, మా ఆవిడ, అబ్బాయి, అమ్మ, నాన్న కలిసి 700 పౌండ్లు. హిచ్ 165. పనిముట్లు, చిల్లర సామాను 115. మొత్తం 980. మాకు నచ్చిన ట్రైలర్ నిండు బరువు 11,800 పౌండ్లు. అందులో 22 శాతం అంటే దాదాపు 2,600 పౌండ్లు ట్రక్కు మీద పడుతుంది. మన భాషలో చెప్పాలంటే 25 కిలోల బియ్యం బస్తాలు నలభై ఏడు, అన్నీ వెనక ఇరుసు నెత్తిన. రెండూ కలిపితే 3,580. అంతకు తక్కువ అంకె ఉన్న చీటీ కనిపిస్తే ఆ ట్రక్కు ఎంత చవకైనా తలుపు మూసి వచ్చేయాలి.

మిత్రుడి లెక్క: 15,500లో 22 శాతం 3,410 పౌండ్లు, అరవై రెండు బస్తాలు. అతని ట్రక్కు మనుషులతో సహా మోయగలిగింది ముప్పై బస్తాల లోపు. ఇది కాస్త అటూ ఇటూ అయ్యే తేడా కాదు, రెట్టింపుకు మించింది.

“అందరూ లాగుతున్నారు కదా” అనే మాట నేను చాలాసార్లు విన్నాను. లాగుతున్నారు, నిజమే. ఈనాటి ట్రక్కుల ఇంజన్లు బలమైనవి, కదిలించడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా ఆపడంలో, తిప్పడంలో, వెనక టైర్ల మీద పడే వేడిలో ఉంది. వెనక కుంగితే ముందు చక్రాలు తేలికవుతాయి. అప్పుడు స్టీరింగ్ మాట వినడం తగ్గుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది. రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి. దీనికి విరుగుడుగా వెనక స్ప్రింగుల దగ్గర గాలి సంచులు బిగించుకోమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. గాలి సంచులు ట్రక్కును సమంగా నిలబెడతాయి. ఇరుసుకు, చక్రాలకు, బ్రేకులకు కొత్త బలం మాత్రం ఇవ్వవు. చీటీ మీది అంకె ఒక్క పౌండు కూడా పెరగదు.

ట్రక్కుల్లో అర టన్ను, ముప్పాతిక టన్ను, ఒక టన్ను అనే పేర్లు పాతకాలం నుంచి వస్తున్నాయి. ఇప్పుడు ఆ పేర్లకూ మోసే బరువుకూ సంబంధం లేదు. ఫోర్డ్ అయితే 150, 250, 350 అంటారు. రామ్, షెవర్లే అయితే 1500, 2500, 3500. ముప్పాతిక టన్నులో ఒక చిక్కుంది. అమెరికా వాహనాల తరగతుల్లో ఒకటి 10,000 పౌండ్ల దగ్గర ముగుస్తుంది. చాలా ముప్పాతిక టన్ను ట్రక్కుల నిండు బరువును ఆ గీత దగ్గరే ఆపి రాస్తారు. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు. నాలుగు తలుపులు, ఫోర్‌వీల్ డ్రైవ్, తోలు సీట్లు కూడా తోడైతే మోయడానికి మిగిలేది 2,000 పౌండ్ల చుట్టుపక్కలే. చూడటానికి కొండలా ఉంటుంది, డీజిల్ గర్జన వింటే ఇల్లు మొత్తం లాగేస్తుందనిపిస్తుంది. మేము చూసిన ఒక ట్రక్కు చీటీ మీద 2,080 ఉంది. మా 3,580 ముందు అది ఎక్కడ నిలుస్తుంది? అదే యార్డులో, అదే రోజు, వరసలో నాలుగు బండ్ల అవతల ఎవరూ చూడని పెట్రోలు ఒక టన్ను ట్రక్కు చీటీ మీద 3,780 ఉంది. 2017 మోడల్, 92,000 మైళ్లు తిరిగింది, గుడ్డ సీట్లు, ఎనిమిది అడుగుల తొట్టి. అదే తీసుకున్నాం, 31,000 డాలర్లకు.

డీజిలే కావాలనేవారితో నాకు సగం ఏకాభిప్రాయం. కొలరాడో, న్యూ మెక్సికో సరిహద్దులో ఐ-25 హైవే మీద రటోన్ కనుమ ఉంది, 7,800 అడుగులకు పైన. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడి పెట్రోలు ఇంజన్ బలం తగ్గుతుంది. టర్బో ఉన్న డీజిల్‌కు ఆ నష్టం బాగా తక్కువ. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు వేగాన్ని పట్టి ఉంచుతుంది, కాలితో బ్రేకు తొక్కుతూ ఉండనక్కర్లేదు. మా పెట్రోలు బండి రటోన్ ఎక్కేటప్పుడు కుడి లేనులో లారీల వెనక 40 మైళ్ల వేగంతో, ఇంజన్ బిగ్గరగా అరుస్తూ ఎక్కింది. నాన్న భయపడ్డారు కూడా. “బండికేమైనా అయిందా?” అని రెండుసార్లు అడిగారు. ఏమీ కాలేదు. ఆ ఇంజన్ అలా తిరగడానికే తయారైంది. ఏడాదిలో మూడు నాలుగు ప్రయాణాలు, 12,000 పౌండ్ల లోపు ట్రైలర్ అయితే పెట్రోలు చాలు. ఇప్పటికే బాగా తిరిగిన డీజిల్ ట్రక్కులో ఇంధన పంపు, ఇంజెక్టర్లు, పొగ శుద్ధి చేసే భాగాలు పోతే వేలల్లో ఖర్చు. 14,000 దాటిన ట్రైలర్‌తో ఏటా రాకీ పర్వతాలు ఎక్కేవారు మాత్రం డీజిలే కొనాలి, వెనక నాలుగు చక్రాలున్నదైతే ఇంకా మంచిది. టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ కలిపి అనుమతించిన బరువు 26,000 పౌండ్లు దాటి, అందులో ట్రైలర్‌ది 10,000 మించితే క్లాస్ ఎ లైసెన్సు కావాలన్న సంగతి కూడా అప్పుడు గుర్తుంచుకోవాలి. వాణిజ్యేతర రకం సరిపోతుంది, కానీ పరీక్ష తప్పదు.

తొట్టి పొడవు చిన్న విషయమనుకోవద్దు. అయిదున్నర, ఆరున్నర అడుగుల తొట్టి ఉన్న ట్రక్కుతో పెట్రోలు బంకులో మలుపు బిగించి తిప్పితే ట్రైలర్ ముక్కు వచ్చి డ్రైవరు వెనక అద్దాన్ని కొడుతుంది. దాన్ని తప్పించడానికి వెనక్కి జరిగే హిచ్‌లు ఉన్నాయి, కానీ వాటి బరువు ఎక్కువ, ధర ఎక్కువ. ఎత్తు కూడా చూసుకోవాలి. ఈనాటి ట్రక్కులు పాతవాటికంటే ఎత్తుగా ఉంటాయి. తొట్టి అంచుకూ పైనున్న ట్రైలర్ కడుపుకూ మధ్య అరడుగు ఖాళీ ఉండాలి. పాత ట్రైలర్ కొంచెం కిందికి ఉండి, కొత్త ట్రక్కు ఎత్తుగా ఉంటే ట్రైలర్ ముక్కు పైకెత్తి నడుస్తుంది, బరువంతా దాని వెనక ఇరుసు మీద పడుతుంది. 2006 నాటి ఒక ట్రైలర్ మాకు అన్ని విధాలా నచ్చింది. టేపు పెట్టి కొలిచాక ఈ ఒక్క కారణంతో వదిలేశాం.

ఇప్పుడు ట్రైలర్ల సంగతి. వీటిలో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రం ఉత్తరాన ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. 2009 మాంద్యంలో అమెరికాలో ఉద్యోగాలు దారుణంగా పోయిన ఊళ్లలో అదొకటి. కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోయాక పరిస్థితి తిరగబడింది. ఒక్క 2021లో ఆరు లక్షల ఆర్‌వీలు, అంటే ఇలాంటి నివాసపు బండ్లు, కర్మాగారాల నుంచి బయటికి వచ్చాయి, అది రికార్డు. 2023కి ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఉరుకుల్లో కొన్నవారిలో ఎందరో ఇప్పుడు అమ్ముతున్నారు. అందుకే బజారులో ఎటు చూసినా 2021, 2022 మోడళ్లు మిలమిల మెరుస్తూ కనిపిస్తాయి. ఆరు లక్షలు ఒక్క ఏడాదిలో చేసినప్పుడు చేతులు ఎంత తొందరపడి ఉంటాయో ఊహించుకోవచ్చు. పైకప్పు కింద భద్రపరచిన 2014 మోడల్‌ను, ఆరుబయట ఎండావానల్లో నిలబడిన 2021 మోడల్ కంటే నేను ముందు చూస్తాను. ట్రైలర్‌కు వయసుకంటే నీళ్లు పెద్ద శత్రువు.

డెంటన్ దగ్గర మేము చూసిన మొదటి ట్రైలర్‌తో ఈ పాఠం నేర్చుకున్నాం. లోపల అద్దంలా తుడిచి ఉంది, వంటగది మధ్యలో దీవిలాంటి బల్ల, తోలు సోఫాలు. మా ఆవిడ వంటగది అరలు తెరిచి చూస్తుంటే నేను నిచ్చెన వేసుకుని పైకెక్కాను. కప్పు రబ్బరు పొర ఏకరీతిన బూడిద రంగుకు తిరిగింది. ముందు మూలలో మాత్రం అతుకు మీద జానెడు పొడవున తెల్లగా, మెత్తగా, కొత్తగా పూసిన మైనం లాంటి మందు కనిపించింది. కిందికి దిగి సరిగ్గా ఆ మూల కింద ఉన్న బట్టల బీరువా తెరిచాను. ఏదో సువాసన చల్లారు. ఆ వాసన వెనక తడిసి ఆరని గోనెసంచి వాసన. బీరువా నేల మీద బొటనవేలు నొక్కితే వేలు లోపలికి దిగింది, తీశాక గుంట అలాగే నిలిచింది. బయటికొచ్చి పక్కగోడను ఎండకు ఏటవాలుగా చూస్తే అరచేయంత వెడల్పున పొక్కులు. ఫైబర్‌గ్లాస్ పొర లోపలి చెక్కను వదిలేసిందని అర్థం. అమ్మే అతన్ని అడిగితే వాన ఎప్పుడూ లోపలికి రాలేదన్నాడు. మేము నమస్కారం పెట్టి వచ్చేశాం.

కొనబోయేవారు గంట ముందు ఫోను చేసి స్లైడ్లు లోపలికి లాగి ఉంచమని చెప్పండి. మీ ముందే బయటికి తీయించండి, మళ్లీ లోపలికి లాగించండి. స్లైడ్ మూలల కింద నేలను పాదంతో తొక్కి చూడండి. నీళ్లు నింపించి పంపు వేసి, పది నిమిషాలు ఆగి సింకుల కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. తేమ కొలిచే చిన్న పరికరం 40 డాలర్లలోపే దొరుకుతుంది, గోడ మూలలన్నిటికీ అది ఆనించండి. బండి కింద పడుకుని చట్రం అతుకుల దగ్గర బీటలున్నాయేమో చూడటం బట్టలు మాసే పనే, అయినా చేయాల్సిందే.

టైర్ల మీద ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు ఉన్నాయి. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత వచ్చే అంకెల్లో చివరి నాలుగు చూడాలి. 2214 అని ఉంటే 2014లో ఇరవై రెండో వారంలో తయారైనట్టు. ట్రైలర్ టైర్లు అరిగి పాడవడం తక్కువ, నిలబడి నిలబడి ఎండకు లోపల చీలుతాయి. టైరు మీది గాడులు లోతుగానే ఉంటాయి కాబట్టి బాగున్నాయనిపిస్తుంది. అయిదారేళ్లు దాటినవాటిని నేను నమ్మను. దారిలో ఒకటి పేలిందంటే ఆ రబ్బరు ముక్కలు కొరడాల్లా తిరిగి పైనున్న నేలను, గొట్టాలను, వైర్లను చీల్చేస్తాయి. ధర మాట్లాడేటప్పుడే కొత్త టైర్ల ఖర్చు తగ్గించి అడగండి. చక్రాల బేరింగులకు గ్రీజు ఎప్పుడు మార్చారో కూడా అప్పుడే అడగాలి.

మేము చివరికి కొన్నది విచిటా ఫాల్స్‌లో ఒక వృద్ధ దంపతుల దగ్గర. 2014 మోడల్, 29 అడుగులు, రెండే స్లైడ్లు. రేకుల షెడ్డు కింద ఉంది. పెద్దాయన లోపలి నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏ ఏడాది బేరింగులు మార్చిందీ, కప్పు అతుకులు ఎప్పుడు పూసిందీ, ఏ ఊళ్లో గ్యాసు నింపిందీ అన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. టైర్లు పాతవని ఆయనే చెప్పి, అడగకముందే 900 డాలర్లు తగ్గించాడు. 17,500కి ఇచ్చాడు. ట్రక్కుకు పెట్టిన దానికంటే బాగా తక్కువ. ఈ నిష్పత్తి చూసి మా బంధువులు కొందరు ఆశ్చర్యపోయారు. నాకైతే అలాగే ఉండాలనిపిస్తుంది.

దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం అమ్మ మోకాళ్లు. ఫిఫ్త్‌వీల్‌లో ముందు భాగం ట్రక్కు తొట్టి పైకి వస్తుంది కాబట్టి పడకగది రెండు మూడు మెట్ల పైన ఉంటుంది. ఎక్కువ నమూనాల్లో బాత్రూమ్ కూడా ఆ మెట్లెక్కాకే. రాత్రి మూడుసార్లు లేచే డెబ్బై రెండేళ్ల మనిషికి, నిద్రమత్తులో, కొత్త చోట, ఆ మెట్లు ఎంత ప్రమాదమో అమ్మకాల యార్డులో తిరుగుతున్నప్పుడు ఎవరికీ తట్టదు. బాత్రూమ్ వెనకవైపు కింది అంతస్తులోనే ఉన్న నమూనాలు తక్కువ, వెతకాలి. మాకు దొరికింది. అమ్మ, నాన్న కింద సోఫా పడక మీద పడుకుంటారు, పది అడుగుల్లో బాత్రూమ్. వాకిలి మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించాను.

పొడవు తక్కువ కావడం వల్ల ఇంకో మేలు జరిగింది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులకు మించిన బండ్లకు చోటు లేదు. అంతకంటే పొడవైనవాటికి పక్కనున్న ట్రైలర్ విలేజ్ ఒక్కటే గతి, అక్కడ చోటు దొరకడం కష్టం. జాతీయ ఉద్యానాల్లోని పాత క్యాంపులు చాలావరకు చిన్న బండ్ల కాలంలో కట్టినవే. 38 అడుగుల ఇల్లు కొన్నవారు తరచూ ఉద్యానం బయట ఆగి రోజూ ట్రక్కులో వచ్చిపోవాలి. మేము చెట్ల మధ్య ఆగాం. పొద్దున్నే అమ్మ తన చిన్న గ్రైండరులో పిండి రుబ్బి ఇడ్లీ పెట్టింది. ఆ గ్రైండరు బరువు కూడా నేను లెక్కలో వేశాను, 27 పౌండ్లు. మోటెల్ గదుల్లో బ్రెడ్డు తిని రెండు రోజులు నీరసపడిన పాత ప్రయాణాలు గుర్తున్నవారికి ఆ ఇడ్లీల విలువ తెలుస్తుంది. ఈ బండ్ల మీద నాకున్న ప్రేమ అంతా అక్కడే ఉంది. ఆ ప్రేమ వల్లనే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

కాగితం మీద లెక్కలు ఎన్ని వేసినా చివరి మాట తూకానిది. హైవే పక్కన లారీలు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ అనే తూకపు వేదికలు ఉంటాయి, పదిహేను డాలర్ల చుట్టుపక్కల తీసుకుంటారు. ట్రక్కు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద నిలపాలి. మొదటి ప్రయాణానికి బయలుదేరిన రోజు ఐ-35 పక్కన అందరం ట్రక్కులోనే కూర్చుని, సామానంతా నింపుకుని తూచుకున్నాం. ముందు ఇరుసు 4,140. వెనక ఇరుసు 5,880. ట్రైలర్ 8,540. తర్వాత పక్కన ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కదాన్నే మళ్లీ తూచాం: 4,180, 3,420. రెండు తూకాల్లో ట్రక్కు బరువుల తేడా 2,420 పౌండ్లు. ట్రైలర్ మా ట్రక్కు వీపున పెట్టిన అసలు బరువు అదే. ట్రక్కు మీద ఇంకా 380 పౌండ్లు మిగిలాయి. నాన్న ఆ చీటీ అడిగి తీసుకుని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు కూడి చూశారు. “మీ తాత చెయ్యి వేసి చెప్పేవాడు” అన్నారు.

మిత్రుడి బయానాలో సగం వెనక్కి వచ్చింది. మిగతా సగం ఇచ్చేది లేదన్నారట. అతని భార్య “పోతే పోయింది, అయిదు వందలతో వదిలింది” అందట. నాలుగు వారాలుగా శని, ఆదివారాలు వాళ్లు ట్రక్కులు చూస్తున్నారు, ట్రైలర్ల వైపు ఇంకా వెళ్లలేదు. మొన్న శనివారం మధ్యాహ్నం వేకో నుంచి ఫోను చేశాడు. గాలి హోరులో మాట సరిగా వినిపించలేదు. “అన్నా, ఒక టన్నుది, 2016 మోడల్, తొట్టి ఎనిమిది అడుగులు. తలుపు తెరిచి చీటీ ముందే నిలబడ్డాను. రాసుకుంటావా?” అన్నాడు. బల్ల మీద అబ్బాయి లెక్కల పుస్తకం ఉంది. వెనక పేజీ తిప్పి, ఐదుగురి బరువులు ఒక పక్క వేసుకుని, చెప్పమన్నాను.